సునెకో ఆంటీ చూసిన పసుపులు

మొక్కల తెగుళ్ళు పరీక్షించే మా లేబరేటరీలో గాజు సామాను కడిగే పనికి సునెకో మెదేరోస్‌ని తీసుకున్నది 1960 జూన్‌లో. అంతకు సరిగ్గా నెల రోజుల ముందు సముద్రం మా దీవిలోని హీలో ఊళ్ళోకి వచ్చి, ఆమె పదిహేడేళ్ళు పనిచేసిన కొట్టుని గోడలతో సహా పట్టుకుపోయింది. పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అప్పటి పెద్దాయన అడిగితే, "నేను మానలేదండీ, కొట్టే మానేసింది," అందట. నవ్వాలో వద్దో తేల్చుకోలేక ఆయన ఉద్యోగం ఇచ్చేశాడు.

ఆ కొట్లో దారాలు, గుండీలు, లేసులు అమ్మేవారు. ఊళ్ళో ఆడవాళ్ళు గుడ్డముక్క తెచ్చి బల్ల మీద పెడితే చాలు, సునెకో దాన్నొకసారి చూసి, నాలుగు వందల రీళ్ళలోంచి సరిపోయే దారం తీసి చేతిలో పెట్టేది. ఇంటికెళ్ళి ఎండలో చూసుకున్నా, దీపం కింద చూసుకున్నా తేడా కనిపించేది కాదు. చెరకుతోట కూలీల లైన్లలో పుట్టిన జపాను పిల్ల రొట్టెల బట్టీ నడిపే పోర్చుగీసువాడు ఆల్‌ఫ్రెడ్ మెదేరోస్‌ని చేసుకోవడానికి కూడా ఆ కళ్ళే కారణమని చెప్పుకునేది. "మిగతావాళ్ళ రొట్టె మాడిపోయిన గోధుమరంగు. ఈయనది సరైన గోధుమరంగు. మొగుడిలో అంతకంటే ఏం చూడాలి?" అనేది.

నేను చేరేసరికి పదకొండేళ్ళు గడిచాయి. ఆమె గాజు కడగడం దాటి వంటకి వచ్చింది. వంట అంటే సూక్ష్మజీవులకి. అగారు, ఈస్టు, చక్కెర, సుద్దపొడి కలిపి కాచి పళ్ళేల్లో పోస్తే గడ్డకడుతుంది. దాని మీద ఆకు రసం గీస్తే ఆ ఆకులో కాపురమున్న జీవులన్నీ మూడు రోజుల్లో చుక్కలు చుక్కలుగా పైకి వస్తాయి. తోటల నుంచి వ్యానులో ఆకులు తేవడం, నూరి గీయడం నా పని. మొదటి రోజునే ఆంటీ ఒక సీసా నా ముక్కు కింద పెట్టింది.

"ఒరేయ్ వెండెల్, ముక్కు బాగుంటేనే ఇక్కడ ఉద్యోగం నిలుస్తుంది. వాసన చూసి ఏ పండో చెప్పు."

వారం రోజులు కుళ్ళబెట్టిన బంగాళదుంప అది. నేను పండు పేరు చెప్పలేదు. దొడ్లోకి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి నా పేరున కాఫీ కలిపి పెట్టి ఉంది. అదే ఆమె క్షమాపణ, అదే స్వాగతం.

ఫ్రిజ్‌లో దాచే జీవులకి నంబర్లుండేవి. ఆంటీ వాటికి పేర్లు పెట్టింది. అన్నిటికంటే గబ్బు కొట్టేదానికి హొనొలులూ నుంచి ఏడాదికోసారి తనిఖీకి వచ్చే అధికారి పేరు. సూక్ష్మదర్శినిలో పెట్టగానే ఈదుకుంటూ మాయమైపోయేదానికి, నాలుగు కొట్టకముందే ఇంటికి వెళ్ళిపోయే మా స్టోర్‌కీపరు పేరు. నా పేరున ఉన్నది ఏ పనీ చేయకుండా చక్కెర తిని బలిసేది. నేనేమీ అనలేదు. అన్నవాళ్ళ పేరు ఇంకా అన్యాయమైనదానికి మారేది.

మా వైపు మూడిళ్ళకో ఇంట్లో ఆంథూరియం వేస్తారు. లావా బొగ్గురాళ్ళ పరుపు, పైన నల్లటి నీడవల, కింద వరసగా మైనం పూసినట్టు మెరిసే ఎర్రటి పూలు. ఎనభైల్లో ఆ పూలకి తెగులు పట్టింది. ముందు ఆకు అంచున నూనె మరకలా కనిపిస్తుంది. తర్వాత పసుపు తిరుగుతుంది. తర్వాత మొక్క మొదట్లో గోధుమరంగు జిగురు కారి మొత్తం ఒరిగిపోతుంది. జబ్బు మొక్కని కోసిన కత్తితో మంచి మొక్కని కోస్తే దానికీ అంతే. వాన ఎక్కువైతే చెప్పనక్కర్లేదు, మాకు ఎప్పుడూ ఎక్కువే.

ఆ తెగులు తెచ్చే జీవి పళ్ళెంలో పసుపు చుక్కగా లేస్తుంది. చిక్కేమిటంటే ఆకు మీద ఉండే పసుపు జీవి అదొక్కటే కాదు. మంచు తాగి, దుమ్ము తిని, ఎవరి జోలికీ పోకుండా బతికే పసుపు జీవులు బోలెడున్నాయి. అవి కూడా పళ్ళెంలో అలాగే లేచి అలాగే మెరుస్తాయి.

1984 జనవరిలో మా ఆఫీసుకి కొత్త అధికారి వచ్చాడు, డాక్టర్ లోరింగ్. అమెరికా ప్రధాన భూభాగం మనిషి, నలభై లోపే. హీలో వానలో కూడా టై కట్టుకునేవాడు. చెడ్డవాడేం కాదు. కానీ తెగులు ఎన్ని తోటల్లో ఉంది, ఎన్ని కాల్చారు అని హొనొలులూ వాళ్ళు రోజూ ఫోను చేసేవారు. ఆయన ఒక నియమం పెట్టాడు: ఆంథూరియం ఆకు నుంచి పసుపుగా, జిగురుగా, మెరుస్తూ ఏది లేచినా తెగులే. పదిరోజుల్లో ఆ నీడవల కింద మొక్కలన్నీ పీకి కాల్చాలి.

ఫిబ్రవరిలో నేను మౌంటెన్ వ్యూ అనే ఊళ్ళో ఫ్లోరెన్సియో అగ్బయాని తోట నుంచి ఆకులు తెచ్చాను. యుద్ధం అయిన మరుసటేడు చెరకు కోయడానికి ఫిలిప్పీన్స్ నుంచి ఓడెక్కి వచ్చినవాడు. రిటైరయ్యాక ఆయనా, భార్య పెర్పెటువా కలిసి మూడు పందిళ్ళ ఆంథూరియం వేశారు. వాళ్ళలో పెద్దన్నని 'మనోంగ్' అంటారు. మా ఊళ్ళో అందరికీ ఆయన మనోంగే. ఆయన ఆకుల మీద మచ్చలున్న మాట నిజం. అంతకు ముందు వారం గాలివానకి వల చిరిగి, ఆ చిరుగు కింద ఉన్న ఆకులకే మచ్చలు వచ్చిన మాట కూడా నిజం. 'వల చిరిగింది' అని నేను చీటీ మీద రాశాను. ఎవరూ చదవలేదు.

మూడో రోజు పళ్ళెంలో పసుపు లేచింది. లోరింగ్ చూసి, కాల్చమని కాగితం మీద ఎర్ర ముద్ర వేశాడు. పళ్ళేలు కడగడానికి తీసుకెళ్తూ ఆంటీ ఆగింది.

"డాక్టర్‌గారూ, ఇది ఆ పసుపు కాదు."

"ఏ పసుపు?"

"తెగులు పసుపు కాదు. అది వెన్న. నిన్నటి వెన్న. ఇది లిలికోయ్ పండు రసం. అందులో ఎరుపు ఒక చిటికెడు ఉంటుంది. వెన్నలో ఉండదు."

లోరింగ్ మర్యాదగానే నవ్వాడు. "మిసెస్ మెదేరోస్, మీరు గుండీల కొట్లో పనిచేశారని విన్నాను."

"పదిహేడేళ్ళు. ఒక్క గుండీ కూడా వెనక్కి రాలేదు."

"సంతోషం. కానీ కంటితో చూసి చెప్పేది సైన్సు కాదు."

"మరి ఇప్పుడు మీరు దేంతో చూశారు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాగితం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఏడింటికే మనోంగ్ ఆఫీసుకి వచ్చాడు. అరవలేదు, బతిమాలలేదు. టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుగదిలో బల్ల మీద కూర్చున్నాడు. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాడు. రెండో రోజూ వచ్చాడు. మధ్యాహ్నం ఆంటీ తన అన్నం ముద్దల్లో ఒకటీ, కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది.

"ఎన్నాళ్ళు కూర్చుంటారు మనోంగ్?"

"డాక్టర్‌కి విసుగు పుట్టేదాకా."

"ఆయనకి పుట్టదు. మీరొచ్చినప్పటి నుంచీ వెనక తలుపు వాడుతున్నాడు."

"అలాగా. అయితే ఈ కాఫీ అయ్యాక వెనక వైపు కూర్చుంటా." ఆయన తల తిప్పి పక్కన ఉన్న కుండీ వైపు చూశాడు. కిటికీ దగ్గర ఎర్ర ఆంథూరియం ఒకటుంది, ప్లాస్టిక్‌ది. కౌంటర్లో కూర్చునే మిసెస్ కవాసె పెట్టింది. దాని పైన వేలాడదీసిన ఫెర్న్ మొక్కకి ఆవిడ రోజూ నీళ్ళు పోస్తుంటే, ఆ నీళ్ళు బొట్లు బొట్లుగా ఈ ప్లాస్టిక్ ఆకుల మీద పడి నాచు కూడా పట్టింది. "నీళ్ళడగదు, ఎరువడగదు," అన్నాడు మనోంగ్. "ఈ జిల్లాలో తెగులు లేని ఆంథూరియం ఇదొక్కటే అనుకుంటా."

ఆంటీ ఆ పువ్వు వైపు చాలాసేపు చూసింది.

"చెప్పలేం మనోంగ్. పరీక్ష చెయ్యలేదు కదా," అంది.

అరగంట తర్వాత ఆమె దూదిపుల్లతో ప్లాస్టిక్ ఆకు తుడుస్తుంటే నేను కాపలా నిలబడ్డాను. రిజిస్టరులో రాసింది కూడా ఆమే. నమూనా 417. మొక్క: ఆంథూరియం, ఎరుపు. స్థలం: హీలో, ప్రభుత్వ ఆవరణ. మొక్కల సంఖ్య: ఒకటి. యజమాని: ప్రభుత్వం. ఆకుల మీద మచ్చలు: ఉన్నాయి.

"అవి నాచు మచ్చలు కదా ఆంటీ."

"మచ్చలా కాదా?"

"మచ్చలే."

"ఇందులో ఒక్క అబద్ధం చూపించు. ఈ నెలంతా నీ పళ్ళేలు నేను కడుగుతా."

నేను రెండుసార్లు చదివాను. ఒక్కటీ దొరకలేదు. పళ్ళేలు నేనే కడుక్కున్నాను.

మూడు రోజులకి 417 పళ్ళెం పసుపుతో నిండింది. ఫెర్న్ మీద నుంచి జారిన జీవులన్నీ ఆ ప్లాస్టిక్ ఆకు మీద హాయిగా సంసారం చేస్తున్నట్టున్నాయి. ఆ పూట లోరింగ్ ముందు ముప్ఫై పళ్ళేలున్నాయి. ఆయన చూస్తూ, చెబుతూ, సంతకం పెడుతూ వచ్చాడు.

"నాలుగు వందల పదిహేడు. పసుపు. మెరుపు. జిగురు. తెగులే."

"ఖాయమేనా డాక్టర్‌గారూ? ఒక్కటే మొక్క, పాపం," అంది ఆంటీ.

"ఒక్కటైనా వదలకూడదు. ఏమిటిది, ప్రభుత్వ ఆవరణా?" ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "మన ఆవరణలోనే తెగులుంటే రైతులకి ఏ మొహం పెట్టుకుని చెబుతాం? ముందు దీన్ని కాల్పించండి."

"ఇవాళే కాల్పిస్తానండీ," అంది, ఎంతో వినయంగా.

నియమం ప్రకారమే చేసింది. రబ్బరు బూట్లు తొడుక్కుంది. చేతికి గ్లవ్స్ వేసుకుంది. కత్తిని మందునీళ్ళలో ముంచింది. కాడలో తీగ ఉండటంతో కత్తి దిగలేదు, పట్టకారు తెప్పించి దాన్నీ మందునీళ్ళలో ముంచింది. వెనక దొడ్లో ఇనప పీపాలో మంట పెట్టాం. ఆదేశంలో సాక్షి సంతకానికి ఒక గీత ఉంటుంది కాబట్టి, వెనక తలుపు దగ్గర కూర్చున్న మనోంగ్‌ని పిలిచాం. ముందే విషయం తెలిసిన మిసెస్ కవాసె చేతిరుమాలుతో వచ్చి నిలబడింది. పువ్వు ముందు వంగింది, తర్వాత సాగింది, తర్వాత నల్లటి పొగ లేచి మామిడిచెట్టు దాటిపోయింది.

లోరింగ్ ముక్కు మూసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏం కాలుస్తున్నారు? టైరా?"

"నాలుగు వందల పదిహేడండీ," అని ఆంటీ కాగితం అందించింది.

ఆయన కాగితం చదివాడు. పీపాలోకి చూశాడు. ఎర్రటి ముద్దలోంచి తీగ ముక్క బయటికి పొడుచుకొచ్చి ఉంది. మళ్ళీ కాగితం చదివాడు. కింద ఉన్న సంతకం ఆయనదే.

"ఇది ఎక్కడిది?"

"నా కౌంటరు పక్కదండీ. తొమ్మిదేళ్ళ నుంచీ ఉంది," అంది మిసెస్ కవాసె.

మనోంగ్ టోపీ తీసి గుండెల దగ్గర పెట్టుకున్నాడు. "మంచి మొక్క. పాపం, ఒక్క పిలక కూడా వెయ్యలేదు."

లోరింగ్ లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆంటీ ఉద్యోగం ఊడిందనే అనుకున్నాం అందరం. ఆమె మాత్రం తన అన్నం ముద్ద విప్పుకుని తినడం మొదలుపెట్టింది. మిగిలిన ముద్ద నాకిచ్చింది. నలభై నిమిషాల తర్వాత తలుపు తెరుచుకుంది. ఆయన మెడలో టై లేదు.

"మిసెస్ మెదేరోస్, అగ్బయానిది వేరే పసుపు అన్నారు. మీ మాట నిజమే అనుకుందాం. మీ కన్నుని నేను కవరులో పెట్టి హొనొలులూకి పంపలేను కదా."

"కన్నెందుకండీ, రంగునే పంపండి." ఆంటీ సొరుగులోంచి ఒక కాగితాల కట్ట తీసింది. కాలిఫోర్నియా వాళ్ళు రాసిన వ్యాసం, అంచులన్నీ కాఫీ మరకలు. "మీ అలమరాలోదే. దుమ్ము దులిపేటప్పుడు చదివాను. సగం నాకర్థం కాలేదు. అర్థమైన సగంలో మిథనాల్ ఉంది."

ఆయన నిలబడే చదివాడు. చదువుతూ చదువుతూ స్టూలు మీద కూర్చున్నాడు.

"బ్రోమిన్," అన్నాడు చివరికి, తనలో తను. తర్వాత మాకు చెప్పాడు. పసుపు రంగు తయారుచేసే జీవులు ఎన్నో ఉన్నాయట. చాలావాటిది క్యారెట్ రంగు జాతి. కానీ సముద్రపు నీళ్ళలో ఉండేలాంటి బ్రోమిన్ అనే మూలకాన్ని తన పసుపులో తగిలించుకునే అలవాటు మన తెగులు జీవి వంశానికే ఉందట. క్యాబేజీ నల్లకుళ్ళూ, వరి ఎండాకు తెగులూ తెచ్చేవి దీనికి దాయాదులు. పసుపు చూస్తే ఒకేలా ఉండొచ్చు గానీ రంగుని విడదీసి చూస్తే ఎవరిది ఏ వంశమో తెలుస్తుందట.

"అంటే ఇంటిపేరు," అంది ఆంటీ.

"అంటే ఇంటిపేరే," అన్నాడు లోరింగ్.

ఆ రోజు నుంచి రెండు రోజులు మాకు మరో పనిలేదు. పళ్ళెం మీది పసుపుని గీకి మిథనాల్ పోసిన గాజు గొట్టంలో వేసి వేడినీళ్ళలో పెట్టేవాళ్ళం. రంగంతా ద్రవంలోకి దిగి, జీవులు అడుగున తెల్లటి మడ్డిలా మిగిలేవి. ఆ పసుపు ద్రవాన్ని రంగు కొలిచే యంత్రంలో పెడితే ఏ వెలుగుని ఎంత మింగుతోందో ముల్లు చూపిస్తుంది. ఆంటీ ముల్లు చదివేది, లోరింగ్ గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టి కలిపేవాడు. తెగులు జీవి గీత కొండలా ఒక చోట లేచి, రెండు పక్కలా రెండు భుజాలు దించేది. ఎన్ని తోటలవి తీసినా ఆ కొండ అక్కడే. మిగతా పసుపుల కొండలు పక్కకి జరిగి వేరే చోట లేచేవి. తర్వాత అదే ద్రవాన్ని తెల్లటి పొడి పూసిన పలక మీద చుక్క పెట్టి పాకించి కూడా చూశాం. తెగులు జీవి చుక్క ప్రతిసారీ పలక నడిమికి దగ్గరలో ఆగింది. లిలికోయ్ రంగుది అక్కడ ఆగలేదు.

కాల్చమన్న ఇరవై మూడు తోటల్లో తొమ్మిదింటికి అసలు తెగులే లేదు. అందులో మనోంగ్ తోట ఒకటి. దాని మచ్చలు ఎండ దెబ్బ. లోరింగ్ స్వయంగా మౌంటెన్ వ్యూ వెళ్ళి ఎర్ర ముద్ర కాగితం చింపి వచ్చాడు. పెర్పెటువా ఆయన చేతిలో కొబ్బరి బియ్యప్పిండి రొట్టె పెట్టి, మిసెస్ కవాసెకి కొత్త పువ్వు పంపనా అని అడిగిందట. ఆ మాట ఆయనే వచ్చి చెప్పాడు. నవ్వాడు కూడా.

ఇక్కడితో అయిపోతే ఆంటీ గెలిచిందని చెప్పి ఊరుకుందును.

సరిపోల్చడానికని తెగులు లేదని తేల్చిన తోటల పళ్ళేలు కూడా కొన్ని కలిపాం, నంబర్లు మాత్రమే చూసి. అందులో 388 ద్రవం చాలా పలచగా దిగింది. పసుపంటే పసుపు, లేదంటే లేదు. ఆంటీ ముల్లు చదువుతూ పోయింది. లోరింగ్ చుక్కలు కలిపి ఆగాడు. కొండ పొట్టిదే గానీ సరిగ్గా తెగులు చోటే లేచింది, రెండు భుజాలతో సహా.

ఆంటీ రిజిస్టరు తిప్పింది. జోకిం మెదేరోస్, పనాయెవా. ఆల్‌ఫ్రెడ్ తమ్ముడు, ఆమె సొంత మరిది. ఆ పళ్ళెం మూత మీద పెన్సిలుతో ఆమె చేతిరాత ఉంది: 'మీగడ. ఏమీ లేదు.' రంగు లేని పళ్ళేలని ముందుగా పక్కకి తీసేది ఆమే, ఆ మూత మీది మాట నమ్మే లోరింగ్ కాగితం మీద సంతకం పెట్టాడు.

లోరింగ్ పెన్సిలు కింద పెట్టాడు.

"అనండి డాక్టర్‌గారూ. మీ వంతు," అంది ఆంటీ.

"ఏమీ లేదు. గుండీల కొట్లో ఖాళీ ఉంటే చేరదామా అని ఆలోచిస్తున్నా," అన్నాడు. కానీ గొంతులో ఎత్తిపొడుపు లేదు. లేచి ఆమెకి కాఫీ తెచ్చి ఇచ్చాడు.

పనాయెవా వెళ్తుంటే వ్యానులో ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. "వెండెల్, అది నాకు మీగడలా కనిపించిందా, మీగడైతే బాగుండునని కనిపించిందా? నిన్నటి నుంచి అడుక్కుంటున్నా. నాకే తెలీడం లేదు," అంది. ఆమె నోట వేళాకోళం లేని మాట వినడం నాకదే మొదలు.

జోకిం పందిరి కింద పూలు కోస్తున్నాడు. బూట్లు, గ్లవ్స్, మందునీళ్ళ బకెట్టు చూడగానే అర్థమైపోయింది అతనికి.

"ఏం వదినా, బాగుందని రాసిందీ నువ్వే, పీకడానికొచ్చిందీ నువ్వేనా?"

"అవును. రెండూ నా చేతిరాతే."

"ఆ ఫ్లోరెన్సియో తోట బతికించావు. మన తోట చంపుతావు. ఊళ్ళో నన్నేమంటారు?"

"నిన్నేమీ అనరు. నన్నంటారు. అననీ." ఆమె గ్లవ్స్ తొడుక్కుంది. "ఆ మూల వరస చూడు జోకిం. మొక్కల మొదట్లో జిగురు కారుతోంది. పది రోజులుగా కారుతోంది. నీకు తెలుసు."

అతను కత్తి కింద పడేశాడు. సాయంత్రం దాకా మేం ముగ్గురం పీకాం. మూడు పందిళ్ళలో ఒకటిన్నర కాల్చాం. మిగతాది దక్కింది. ఇంకో నెల ఆలస్యమైతే ఆ సగం కూడా దక్కేది కాదు.

ఆ క్రిస్మస్‌కి జోకిం వాళ్ళింటికి ఆల్‌ఫ్రెడ్ ఎప్పటిలాగే డబ్బానిండా తీపి రొట్టె పంపాడు. డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది, కడిగి కూడా లేదు. "రొట్టె తిన్నాడుగా," అంది ఆంటీ. "కోపం రొట్టె దాకా రాలేదన్నమాట."

మరుసటి ఏడు వేసవిలో మనోంగ్ తన తోట పిలకలు వంద బుట్టల్లో సర్దుకుని, ఎవరూ అడక్కుండానే పనాయెవా తీసుకెళ్ళి దించాడు. జోకిం తీసుకున్నాడు. నాటేముందు ఆకులు పరీక్షకి పంపాడు, నా చేత, ఒక చీటీతో: 'ఈసారి వదినని కళ్ళు మూసుకోమను. యంత్రాన్ని చూడమను.' ఆంటీ ఆ చీటీ చదివి, నిజంగానే కళ్ళకి తువ్వాలు కట్టుకుని ప్రయోగం బల్ల ముందు కూర్చుంది. ముల్లు నేను చదివాను. తెగులు లేదు. వారం తర్వాత ఆదివారం జోకిం భోజనానికి వచ్చాడు, ఏమీ జరగనట్టే.

తర్వాత రెండేళ్ళలో లోరింగ్, ఆంటీ కలిసి ఫ్రిజ్ సర్దారు. పాతకాలంలో ఏ మొక్క మీద దొరికితే ఆ మొక్క పేరే పెట్టి దాచిన గొట్టాలు రెండు వందల పన్నెండు, అన్నీ ఆ తెగులు వంశానివేనని రాసి ఉన్నాయి. రంగు తీసి చూస్తే ముప్ఫై ఒకటి ఆ వంశానివి కావు. ఇన్నాళ్ళూ దొంగ ఇంటిపేరుతో కూర్చుని మా అగారు తిన్నాయని ఆంటీ ఒక్కొక్కదాన్నీ తిట్టి బయటికి తీసింది. నా పేరున్నది కూడా అందులో ఒకటి.

ఒక్కటి మాత్రం లోరింగ్‌ని పీడించింది. కర్రపెండలం మీద దొరికిన తెల్లటిది. మిగతా పరీక్షలన్నిట్లో ఆ వంశమే. రంగు మాత్రం బొత్తిగా లేదు.

"దీన్ని ఏం చెయ్యమంటారు?" అన్నాడు ఆయన తల పట్టుకుని.

"మా చెల్లెలు పెళ్ళి చేసుకుని ఇంటిపేరు మార్చుకుంది. చెల్లెలు కాకుండా పోయిందా? దాని చోట దాన్ని ఉండనివ్వండి," అంది ఆంటీ.

ఆయన ఉండనిచ్చాడు. రంగు ఉంటే ఆ వంశమే, లేకపోయినంత మాత్రాన కాదనలేం అని తన వ్యాసంలో రాశాడు. ఆ చిన్న వ్యాసం ఒక పత్రికలో అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో ఆమె పేరుంది. ఇంగ్లీషులో ఆమె పేరు 'టి' అక్షరంతో మొదలవుతుంది; అచ్చువాళ్ళ పొరపాటుతో 'మిస్టర్ టి. మెదేరోస్' అని పడింది. లోరింగ్ సిగ్గుపడి సవరణ రాస్తానన్నాడు. ఆంటీ ఒప్పుకోలేదు. ఆ పేజీ తన బల్ల మీద గోడకి అంటించుకుంది. తర్వాత ఆర్నెల్లు సెలవు చీటీల మీద 'మిస్టర్' అనే సంతకం పెట్టింది. హొనొలులూ తనిఖీ అధికారి వాటిని పాస్ చేశాడు.

ఆమె రిటైరయ్యే ఏడు ఫ్లోరిడా నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చాడు. పెద్ద పేరున్న మనిషే. మిస్టర్ మెదేరోస్‌ని కలవాలన్నాడు. లోరింగ్ ఊళ్ళో లేడు. ఆంటీ గ్లవ్స్ విప్పుతూ, "ఆయన బయటికెళ్ళారండీ, కూర్చోండి," అంది. కాఫీ ఇచ్చింది. ఏం పని మీద వచ్చారని అడిగింది. ఆయన తనతో తెచ్చిన పళ్ళేలు తీసి, ఈ నాలుగు పసుపులూ ఒకే వంశమా కాదా తేలడం లేదని చెప్పాడు. ఆంటీ చూసింది. మూడు ఒకటే, నాలుగోది వేరు, కానీ నా మాట నమ్మకండి అని చెప్పి, ఆయన్ని యంత్రం ముందు కూర్చోబెట్టి రంగు తీయించింది. మూడు ఒకటే. నాలుగోది వేరు.

ఆయన గంటన్నర ఆమె చేతులవైపే చూస్తూ కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు మిస్టర్ మెదేరోస్‌కి ఇవ్వమని తన చీటీ ఇస్తూ, "ఆయన చాలా అదృష్టవంతుడు. ఇంత మంచి సహాయకురాలు దొరకడం మాటలు కాదు," అన్నాడు.

"ఆ మాట నేనూ ఆయనకి రోజూ చెబుతుంటానండీ," అంది ఆంటీ. "వినిపించుకోడు."